చేతి పట్లు, నాలుగో పాఠం: బొటనవేలు కాదు, మోచెయ్యి చూడండి

ఈ జుజుత్సు పాఠాల్లో ఈసారి కిముర మొదలుపెట్టాలి, అంటే మడిచిన చేతిని భుజం దగ్గర తిప్పే పట్టు. కానీ పోయిన పాఠంలోని, చేతిని కాళ్ళ మధ్య చాచి పట్టుకుని తుంటితో మోచేతిని వెనక్కి వంచే ఆర్మ్‌బార్ దగ్గరే చాలామంది ఆగిపోయారు. "చెయ్యి చాచుకుంది, తుంటి లేపాం, అవతలి మనిషికి ఏమీ కాలేదు" అన్నది ఎక్కువమంది మాట. ఇంకొందరికి పట్టు పడింది గానీ పార్ట్‌నర్‌కి మోచేతి పక్కన నొప్పి పట్టుకుని మర్నాటికీ వదల్లేదు. చూడటానికి ఇవి రెండు వేర్వేరు ఇబ్బందులు. చాలాసార్లు రెండింటికీ కారణం ఒక్కటే. అది తేలితేగానీ కిముర జోలికి వెళ్ళలేం.

ముందు చిన్న విషయం ఒకటి. మోచెయ్యి మీ తుంటిని దాటి పొట్టవైపు నాలుగు వేళ్ళ మేర వచ్చి ఉండాలి. దాటకపోతే మీ తుంటి ఒత్తిడి దండచేతి మీద పడదు, ముంజేతి మీద పడుతుంది. అప్పుడు అతను చెయ్యి మడిచి లాగేసుకుంటాడు. మోకాళ్ళు దగ్గరగా బిగించండి. పాదాలు పెనవేయాలా వద్దా అని అడుగుతున్నారు. నేను వెయ్యను. పాదాలు పెనవేస్తే మోకాళ్ళు విచ్చుకుంటాయి, భుజం జారిపోతుంది. వేసి గెలిచేవాళ్ళూ ఉన్నారు, కానీ నేర్చుకునే దశలో వద్దు. తుంటి లేపడం, మడమలు కిందికి నొక్కడం మీకు వచ్చు కాబట్టి మళ్ళీ రాయను.

ఇక అసలు చిక్కు: పట్టు బిగించేటప్పుడు అవతలి మనిషి "బొటనవేలు పైకి ఉండాలి" అనే సూత్రం. ఎక్కడ చూసినా ఇదే వినిపిస్తుంది. నాకు దీనిమీద కోపం ఉంది, ఎందుకంటే ఇది సగం నిజం, ఆ సగమే జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది.

ఇప్పుడే చేసి చూడండి. చెయ్యి ముందుకి చాచి, మోచేతి లోపలి మడత ఆకాశం వైపు ఉండేలా పెట్టండి. ఆ మడతని కదలనివ్వకుండా అరచేతిని పైకి తిప్పండి, తర్వాత నేలవైపు తిప్పండి. బొటనవేలు దాదాపు అరచుట్టు తిరిగింది, మోచెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి రెండోదాని మీదుగా తిరుగుతుంది, దండచేతి ఎముకకి ఆ తిప్పుడుతో పనిలేదు. ఇప్పుడు దీనికి ఎదురు చేయండి. బొటనవేలిని పైకే ఉంచి, భుజాన్ని లోపలికి తిప్పండి. మడత పక్కకి తిరిగిపోయింది, బొటనవేలు ఇంకా పైకే చూస్తోంది.

మీ పార్ట్‌నర్ చేతికి జరిగింది ఈ రెండోదే. మీరు బొటనవేలు చూసి సరే అనుకుని తుంటి లేపారు. మోచెయ్యి తలుపు బందులాంటిది, ఒకే దారిలో మడుస్తుంది, చాచుకుంటుంది. ఆ దారికి ఎదురుగా నెట్టినప్పుడే లాక్ పడుతుంది. మోచేతి మొన మీ పొట్టవైపు కాక పక్కకి తిరిగి ఉంటే, మీరు నెట్టేది ఆ దారిలో కాదు. మెల్లగా నెడితే చెయ్యి మడిచి తప్పించుకుంటాడు. గట్టిగా నెడితే కీలుకి పక్కనున్న స్నాయువులు సాగుతాయి. మర్నాటికీ వదలని ఆ నొప్పి అక్కడిదే. లాక్ పడలేదని ఇంకా బలం పెట్టడం అన్నింటికన్నా ప్రమాదం.

అందుకని తుంటి లేపే ముందు ఒక చేత్తో మోచేతి మొనని తడమండి. అది మీ పొట్టని చూస్తోందా? చూస్తుంటే బొటనవేలు ఎటున్నా పట్టించుకోవద్దు. చూడకపోతే మణికట్టు పట్టుకుని మెలిపెట్టకండి. ముందుగా తిరిగేది ముంజెయ్యే, మొన కదలదు. రెండు చేతులతో ముంజేతిని గుండెకి హత్తుకుని, మీ తుంటిని కొద్దిగా జరిపి మొన కిందికి తెచ్చుకోండి. చేతిని తిప్పడం కన్నా మనం జరగడం ఎప్పుడూ తేలిక. పోటీలో చెయ్యి తిప్పుతూ భుజం మీదుగా దొర్లి తప్పించుకునేవాళ్ళు చేసేది కూడా ఈ మొనని పక్కకి తప్పించడమే. వాళ్ళ బొటనవేలిని వెంబడిస్తే దొరకరు. మొనని వెంబడించండి.

చెయ్యి చాచుకోకుండా రెండు చేతులూ కలిపి బిగించేస్తే? లాగి లాగి అలసిపోకండి. మడిచిన చేతికి మడిచిన చేతి పట్టే ఉంది.

కిముర ఇక్కడ మొదలు. గార్డ్‌లో ఉన్నారు, అంటే మీరు వెల్లకిలా పడుకుంటే అతను మీ కాళ్ళ మధ్య ఉన్నాడు, అతని కుడిచెయ్యి మీ ఎడమ తుంటి పక్కన మ్యాట్ మీద ఆనింది. మీ ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకోండి. లేచి కూర్చుంటూ మీ కుడిచేతిని అతని దండచేతి మీదుగా పోనిచ్చి, కిందినుంచి తెచ్చి మీ ఎడమ మణికట్టునే పట్టుకోండి. బొటనవేళ్ళని మిగతా వేళ్ళ పక్కనే ఉంచడం నా పద్ధతి, పట్టు తేలిగ్గా ఊడదు. తర్వాత తుంటి పక్కకి జరిపి వెనక్కి పడుకోండి, ఒక కాలు అతని వీపు మీద వెయ్యండి. మోచెయ్యి లంబకోణంలో, మీ ఛాతీకి దగ్గరగా ఉండాలి. మణికట్టుని అతని వీపు వెనకగా తలవైపు తీసుకెళ్ళండి. తిరగాల్సింది భుజం. చేతుల బలంతో కాదు, మీ నడుము తిప్పి తిప్పండి.

భుజం ఆలస్యంగా హెచ్చరిస్తుంది. నొప్పి మొదలయ్యేసరికి మిగిలింది కొంచెమే. 1951 అక్టోబర్ 23న రియోలోని మరకానా మైదానంలో జపాన్ జూడో వీరుడు మసహికో కిముర ఈ పట్టుతో బ్రెజిల్ జుజుత్సు వీరుడు హీలియో గ్రేసీ చేతిని లాక్ చేశాడు. హీలియో లొంగకపోతే, చెయ్యి విరిగాక ఆయన పక్షం వాళ్ళే తువ్వాలు విసిరి పోటీ ఆపించారు. తర్వాత బ్రెజిల్ జుజుత్సులో ఆ పట్టుకి కిముర పేరే నిలిచింది. జూడోవాళ్ళకి అది ఉదె గరామి. 2011 డిసెంబర్‌లో యూఎఫ్‌సీ 140 అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలో ఫ్రాంక్ మిర్ ఇదే పట్టు బిగిస్తే నొగెయిరా దండచేతి ఎముక విరిగింది. చెయ్యి విరిగిన ఆ ఇద్దరూ ఆరితేరినవాళ్ళే. అందుకే పార్ట్‌నర్ లొంగానని చేత్తో తట్టినా, నోటితో "ట్యాప్" అన్నా అదే క్షణం వదిలెయ్యాలి. మీ రెండు చేతులూ ఇరుక్కుంటే కాలితో మ్యాట్ తట్టండి.

సాధన: ఆర్మ్‌బార్ స్థితికి రండి, కళ్ళు మూసుకోండి. పార్ట్‌నర్ ఇష్టమొచ్చినట్టు బొటనవేలు, భుజం తిప్పుతాడు. మీరు మొన ఎటుందో చేత్తో తడిమి నోటితో చెప్పాలి, ఆ తర్వాతే తుంటి జరపాలి. ఇలా ఒక్కొక్కరు 40 సార్లు. చెయ్యి నిటారు కాగానే ఆగిపోవాలి, దాటకూడదు. వరుసగా 20 సార్లు తప్పులేకుండా చెప్పగలిగితే కిముర పట్టు 20 సార్లు, బిగించకుండా, చేతులు కలపడం వరకే. మధ్యలో ఒక్కటి తప్పితే లెక్క మళ్ళీ మొదటినుంచి. పార్ట్‌నర్ లేనివాళ్ళు అద్దం ముందు సొంత చేతితో మడతని, బొటనవేలిని విడివిడిగా తిప్పడం పట్టుబడేదాకా చేయండి.