2డీ ఎకోలో బృహద్ధమని: గీత కనిపించినా, ఏమీ కనిపించకపోయినా

సమస్య: ఆరోహణ బృహద్ధమనిలో (గుండె నుంచి పైకి వెళ్లే భాగంలో) తెల్లటి గీత కనిపిస్తోంది.

డిసెక్షన్ (ధమని గోడ లోపలి పొర చీలడం) అని రాసేముందు ఒక్క నిమిషం ఆగాలి. గట్టిపడిన గోడను తాకి వెనక్కి వచ్చిన అల్ట్రాసౌండ్ తరంగం ప్రోబ్ (ఛాతీ మీద ఆనించే పరికరం) దగ్గర మళ్లీ ప్రతిఫలించి లోపలికి వెళ్లి రావడంతో, అదే గోడ నకలు దాదాపు రెట్టింపు లోతులో, ధమని నడుమ ఉన్నట్టు తెర మీద పడుతుంది. ఎం-మోడ్‌లో (ఒకే గీత వెంట కదలికను కాలంతో పాటు చూపే పద్ధతిలో) చూస్తే నకలు గోడతో పాటే, అదే లయలో కదులుతుంది. నిజమైన చీలిక పొరకు సొంత కదలిక ఉంటుంది. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌లో రంగు ఆ గీతను లెక్కచేయకుండా దాటిపోతే అది నకలేనని భావించవచ్చు; గీత దగ్గర ఆగి, రెండు వైపులా వేర్వేరుగా ప్రవహిస్తే అనుమానం బలపడుతుంది. ఆర్చి (ధమని పైన వంపు తిరిగే భాగం) పైన రెండో గొట్టంలా కనిపించేది చాలాసార్లు ఎడమ బ్రాకియోసెఫాలిక్ సిరే (ఎడమ చేయి, తల వైపు నుంచి రక్తం తెచ్చే సిర).

సమస్య: నొప్పి వీపులోకి చీల్చుకుపోతోంది, ఎకోలో మాత్రం ఏమీ లేదు.

ఇదే అసలు ప్రమాదం. ఛాతీ మీది నుంచి చేసే ఎకోలో ధమని మొదటి భాగమే బాగా కనిపిస్తుంది. మెడ గుంట నుంచి ఆర్చి కొంత దొరుకుతుంది. అవరోహణ భాగంలో (ఆర్చి నుంచి కిందికి దిగే భాగంలో) చాలావరకు అందదు. మా నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో (నీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బుతో) వెన్ను బిగిసిన పెద్దలు మెడ వెనక్కి వంచలేరు కాబట్టి, ఆ మెడ కిటికీ కూడా మనకు సరిగా తెరుచుకోదు. అన్నవాహిక నుంచి చేసే ఎకోకు సైతం శ్వాసనాళంలోని గాలి అడ్డుపడి, ఆరోహణ భాగం చివర కొంత మరుగున పడుతుంది.

అందుకే రిపోర్టులో "నార్మల్" అని కాకుండా "కనిపించినంత మేరకు చీలిక లేదు" అని రాయడం న్యాయం. రెండు చేతుల రక్తపోటులో 20 మిల్లీమీటర్లకు పైగా తేడా, కొత్తగా మొదలైన బృహద్ధమని కవాట లీకేజీ, గుండె చుట్టూ నీరు, వీటిలో ఏది ఉన్నా సీటీ ఆంజియో (రక్తనాళాలను చూపే సీటీ స్కాన్) తప్పనిసరి. గుండెపోటుగా పొరబడి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణానికే ముప్పు కనుక, నల్లగొండ నుంచి హైదరాబాదుకు పంపే చీటీలో ఈ అనుమానాన్ని మొదటి వాక్యంగా రాయాలి.

సమస్య: ధమని వ్యాసం పోయినసారి 41 మిల్లీమీటర్లు, ఈసారి 44.

ధమని పెరిగిందనుకునే ముందు కోత ఏటవాలుగా పడిందేమో చూడాలి, ఎందుకంటే వాలు కోతలో వ్యాసం ఎక్కువగా వస్తుంది. పెద్దల్లో గుండె విశ్రాంతి దశ చివర, ముందు గోడ పై అంచు నుంచి వెనుక గోడ పై అంచు వరకు కొలిచి, కొలిచింది సైనస్ (ధమని మొదట్లో కవాటం దగ్గర ఉబ్బిన భాగం) దగ్గరా, దాని పైనా అన్నది రిపోర్టులో రాయాలి.