మూతపడి మళ్లీ తెరుచుకున్న బ్రూవరీ సాకేని రుచి చూడటం ఎలా

సాకే అంటే జపాన్‌లో బియ్యంతో చేసే మద్యం. మూతపడి మళ్లీ తెరుచుకున్న బ్రూవరీ సీసా చేతికొస్తే మూత తీయకముందే మనసు కరిగిపోతుంది. ఫుకుషిమాలోని నామియే ఊరి సుజుకి షుజోతెన్ బ్రూవరీనే చూడండి. 2011 మార్చి 11 సునామీలో రేవు పక్కనే ఉన్న వాళ్ల బ్రూవరీ మొత్తం కొట్టుకుపోయింది, అణు ప్రమాదంతో ఊరే ఖాళీ అయింది. అంతకుముందు పరీక్ష కోసం ల్యాబ్‌కి పంపిన షుబో మాత్రం మిగిలింది (పాలకి తోడు ఎలాగో సాకేకి షుబో అలాగ, ఈస్ట్ ఉండేది అందులోనే). ఆ ఈస్ట్‌తోనే యమగతాలోని నగాయిలో మళ్లీ మొదలుపెట్టి, 2021లో నామియేకి తిరిగొచ్చారు. సాకే పేరు మాత్రం పాతదే, ఇవాకి కొతోబుకి.

ఇదంతా గుర్తుచేసుకుంటూ తాగితే ఎవరికైనా బాగుందనే అనిపిస్తుంది. అందుకే మొదటి గుక్క వరకు కథని పక్కన పెట్టండి, అంత కష్టపడి చేసినవాళ్ల సాకేకి మనమిచ్చే మర్యాద అదే.

లేబుల్ మీద నామా అని ఉంటే అది పాశ్చరైజ్ చేయనిది, ఫ్రిజ్‌లోంచి బయట ఉంచకండి. అడుగున రెండు నీలం వలయాలుండే తెల్ల పింగాణీ కప్పు దొరికితే మంచిది, లేదంటే మామూలు వైన్ గ్లాసు చాలు. నీలం, తెలుపు కలిసే అంచు మసకగా కనిపిస్తే సాకేలో మడ్డి ఉన్నట్టు. రంగు కాస్త పసుపుగా ఉందని కంగారు పడక్కర్లేదు.

10 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. ముందు వాసన: ఆపిల్, అరటిపండు లాంటిది వస్తోందా, లేక ఉడుకుతున్న అన్నం ఆవిరి లాంటిదా? తర్వాత చిన్న గుక్క తీసుకుని నాలుకంతా పరుచుకోనిచ్చి, నోట్లోకి కాస్త గాలి పీల్చి ముక్కుతో వదలండి. తీపి ఎప్పుడు తగ్గింది, పులుపు ఎక్కడ మొదలైంది, మింగాక చేదు ఎంతసేపు నిలిచింది అన్నవి వెంటనే రాసుకోండి, రెండో కప్పుకి గుర్తుండవు. మధ్యమధ్యలో మంచినీళ్లు తాగుతూ ఉండండి, సాకేలో ఆల్కహాల్ సుమారు 15 శాతం ఉంటుంది.

జున్‌మై (విడిగా ఆల్కహాల్ కలపని సాకే) అయితే కొంచెం గిన్నెలో పోసి, ఆ గిన్నెని వేడి నీళ్లలో పెట్టి 45 డిగ్రీల దాకా వెచ్చబెట్టి చూడండి, చల్లగా ఉన్నప్పుడు ముడుచుకున్న రుచి విచ్చుకోవచ్చు.

నా ఉద్దేశంలో అసలు పరీక్ష మూడు నాలుగు రోజుల తర్వాతే. కొత్త సాకే మొదటిరోజు బిర్రుగా ఉండి, మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో ఉన్నాక మెత్తబడటం మామూలే, కాబట్టి సగం దాచి మళ్లీ చూడకుండా తీర్పు చెప్పేయకండి. పాత రుచి రాలేదని కూడా తీసిపారేయకండి. సాకేలో దాదాపు 80 శాతం నీళ్లే. ఊరు మారితే నీళ్లు మారతాయి, తిరిగొచ్చినా ట్యాంకులు కొత్తవి, ఒక్కోసారి చేసే చెయ్యి కూడా కొత్తదే.

ఇక చివరి కప్పు కథతోనే తాగండి, పక్కన కాల్చిన చేప పెట్టుకుని. నామియే జాలర్లు వేట బాగా పడిన రోజు తాగింది ఈ సాకేనే.