పాత జపాన్ హాలో బాడీ గిటార్: తేడా ఎక్కడుంది, ఏం చేయాలి

1960లు, 70ల నాటి జపాన్ హాలో బాడీ (లోపల బోలుగా ఉండే) ఎలక్ట్రిక్ గిటార్ చేతికి రాగానే చాలామంది ముందు పికప్‌లనే, అంటే తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలనే తిడతారు. నిజానికి టెయిస్కో అయినా, గుయాటోన్ అయినా, మాట్సుమోటోలోని మాట్సుమోకు ఫ్యాక్టరీ చేసిన ఆరియా, ఎపిఫోన్‌లయినా పికప్‌లు ఇన్నేళ్లకూ బాగానే పలుకుతుంటాయి. తేడా వచ్చేది ఎక్కువగా బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే ముక్క) దగ్గర, నెక్ అతుకు దగ్గర, వైర్లలో. అందుకే కొత్త పికప్‌లు ఆర్డర్ పెట్టేముందు ఇవి చూసుకోండి.

కింద శ్రుతిగా ఉంది, పైకి వెళ్తే అపశ్రుతి

ఈ గిటార్లలో చాలావాటికి బ్రిడ్జ్‌ను బాడీకి బిగించరు. తీగల ఒత్తిడితోనే అది నిలబడుతుంది. తీగలన్నీ ఒకేసారి విప్పితే జారిపోతుంది, మళ్లీ ఎక్కడ పెట్టాలో తెలియదు. అమ్మినవాళ్లు తుడిచి, సుమారుగా పెట్టి పంపడం మామూలే.

సరిచేయడం కష్టం కాదు. 12వ ఫ్రెట్ మీద తీగను నొక్కకుండా వేలు ఆనించి హార్మోనిక్ మీటండి, అదే ఫ్రెట్ నొక్కి మళ్లీ మీటండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జ్‌ను టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే లోహపు భాగం) వైపు, తక్కువ పలికితే నెక్ వైపు కొంచెం జరపండి. ముందు సన్నతీగకు, తర్వాత లావుతీగకు చూసుకుంటే బ్రిడ్జ్ కాస్త ఏటవాలుగా కుదురుతుంది, అలాగే ఉండాలి. కుదిరాక దాని పాదాల చుట్టూ మాస్కింగ్ టేప్ గుర్తు పెట్టండి. ఇకమీదట తీగలు ఒక్కొక్కటిగా మార్చండి.

అన్ని తీగలూ కుదిరి మూడో తీగ, అంటే జి, ఒక్కటే మొండికేస్తే? అది బ్రిడ్జ్ తప్పు కాదు. మెట్లు చెక్కిన పాత చెక్క బ్రిడ్జ్‌లు, చుట్టు ఉన్న (పైన సన్నటి తీగ చుట్టిన) జి తీగను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇప్పుడు మనం వేసే సెట్లలో జి సాదా తీగ. దానికి ఇంకాస్త పొడవు కావాలి, అది దొరక్క ఎక్కువ పలుకుతుంది. చుట్టు జి ఉన్న సెట్ కొని వేయండి. 12 నుంచి (సన్నతీగ మందం 0.012 అంగుళం) మొదలయ్యే జాజ్ సెట్లలో సాధారణంగా అదే ఉంటుంది. నా మటుకు ఈ గిటార్ల గొంతు కూడా ఆ తీగలతోనే బాగుంటుంది.

జుయ్‌మని హమ్

ముందు తీగల మీద చెయ్యి వేసి చూడండి. హమ్ తగ్గితే గ్రౌండ్ పనిచేస్తోంది. మిగిలింది లోపల షీల్డింగ్ (బయటి విద్యుత్ శబ్దాన్ని ఆపే లోహపు పొర) లేకపోవడం వల్ల, చుట్టుపక్కల డిమ్మర్లు, ట్యూబ్‌లైట్ల వల్ల. గిటార్ దిశ మారిస్తే హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ స్వభావం, రిపేరు కాదు.

చెయ్యి వేసినా మార్పు లేదు, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) లోహాన్ని ముట్టుకుంటే మాత్రం తగ్గుతోందా? టెయిల్‌పీస్ కిందికి వెళ్లే గ్రౌండ్ వైర్ తెగింది, లేదా తుప్పుపట్టింది. మల్టీమీటర్‌తో టెయిల్‌పీస్‌కీ జాక్ గ్రౌండ్‌కీ మధ్య కంటిన్యుటీ (కరెంటు దారి తెగకుండా ఉందా అని) చూస్తే తేలిపోతుంది. టెయిల్‌పీస్ విప్పి, వైర్ కొసను గీకి, లోహానికి గట్టిగా ఆనేలా మళ్లీ బిగించండి. చెయ్యి వేస్తే హమ్ ఇంకా పెరుగుతోందంటే ఎవరో జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారు చేశారు.

ఒక జాగ్రత్త. తీగలు ముట్టుకుంటే షాక్ కొడుతుంటే వెంటనే ఆపేయండి. ముందు ఇంటి సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో, తర్వాత ఆంప్‌ను ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు.

ఆంప్ పెంచగానే అరుపు

అరుపు రెండు రకాలు. బొంగురుగా, ఏదో ఒక స్వరం దగ్గరే గర్జిస్తే అది బోలు బాడీ కంపనం. ఆంప్‌కు దూరంగా, పక్కకు తిరిగి నిలబడండి. బాస్ తగ్గించండి, బాడీ ముందువైపు ఉన్న ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో ఫోమ్ ముక్కలు పెట్టండి. తీగలన్నీ అరచేత్తో మూసినా కీచుమంటూనే ఉంటే పికప్ మైక్రోఫోనిక్ అయింది, అంటే తనే మైకులా కంపనాలను పట్టేస్తోంది. కవర్ మీద పెన్నుతో తడితే ఆంప్‌లో టక్‌టక్ పెద్దగా వినిపిస్తుంది. దీనికి మైనంలో ముంచడం మందు. కానీ పారఫిన్‌ను నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 65 డిగ్రీల లోపే ఉంచాలి, లేకపోతే వైరు చుట్టిన ప్లాస్టిక్ బాబిన్ వంకర తిరుగుతుంది. చేయి తిరిగినవారికి ఇవ్వడమే మేలు.

తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి

మొదటి ఫ్రెట్‌నూ నెక్ బాడీని కలిసేచోటి ఫ్రెట్‌నూ కలిపి నొక్కండి. మధ్యలో, ఏడో ఫ్రెట్ దగ్గర, తీగకూ ఫ్రెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డు మందం వరకు ఖాళీ మామూలే. అంతకన్నా ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి లోహపు కడ్డీని) పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయవద్దు. తిప్పడానికి రాడ్డే లేని చవక మోడళ్లు కూడా ఉన్నాయి.

ఖాళీ సరిగ్గానే ఉండి, బ్రిడ్జ్ పూర్తిగా దించినా తీగలు ఎత్తుగానే ఉంటే లోపం నెక్ కోణంలో ఉంది. 70ల నాటి ఎపిఫోన్‌లలో చాలావాటికి నెక్‌ను స్క్రూలతో బిగించారు కాబట్టి పని సులువు. ముందు స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. కాకపోతే తీగలు వదులు చేసి, నెక్ విప్పి, గాడిలో బ్రిడ్జ్ వైపు అంచున సన్నటి చెక్క పలక పెట్టి బిగించండి. నెక్ వెనక్కి వాలి తీగలు దిగుతాయి. అతికించిన నెక్ అయితే లూథియర్ (గిటార్లు చేసి, బాగుచేసే నిపుణుడు) దగ్గరకే.

ఫ్రెట్ నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే బజ్

నట్ (నెక్ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల ముక్క) పక్కన జీరో ఫ్రెట్ అనే అదనపు ఫ్రెట్ ఉంటే అది అరిగింది. ఆ ఒక్క ఫ్రెట్ మార్పిస్తే చాలు.

నాబ్ తిప్పితే గరగర, స్విచ్ మారిస్తే శబ్దం పోవడం

దుమ్ము, తుప్పు. కాంటాక్ట్ క్లీనర్ చిలకరించి అటూ ఇటూ బాగా తిప్పండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రేలు వద్దు. పాట్ (నాబ్ కింద ఉండే కంట్రోల్) మార్చక తప్పదంటే, బయటికి తీయడానికి వెనక తలుపు ఉండదు, దారి ఎఫ్ రంధ్రమే. పాట్‌ను పట్టి ఉంచే నట్ విప్పే ముందే దాని ఇరుసుకు పొడుగు దారం కట్టి లోపలికి వదలండి. కొత్త పాట్‌ను ఆ దారానికే కట్టి లాగితే తిన్నగా తన రంధ్రంలోకి వస్తుంది. అమెరికన్ సైజు పాట్ ఈ రంధ్రాలకు సాధారణంగా పట్టదు. ప్లైవుడ్‌ను డ్రిల్ చేసి పెద్దది చేయకుండా, చిన్న మెట్రిక్ పాట్ తెప్పించుకోండి. పాత నాబ్ కూడా దానికే సరిపోయే అవకాశం ఎక్కువ.