బొమ్మల కోట కడుతున్నారా? జిగురు మూత అప్పుడే తీయకండి

మా అమ్మాయికి బొమ్మల ఇల్లు కావాలంది. మామూలు ఇల్లు కాదు, గుండ్రటి బురుజులు, వాటి మీద కోన్ ఐస్‌క్రీం తిరగేసినట్టుండే కప్పులు, లోపల మెలికల మెట్లు ఉన్న యూరప్ కోట. సరే, నాలుగు ఆదివారాల పని అనుకున్నాను. ఏడు నెలలు పట్టింది. అందులో సగం రోజులు కట్టడానికి కాదు, కట్టింది ఊడబీకడానికే పోయాయి. చివరికి అంతా అయ్యాక వెనక గదిలోంచి హాల్లోకి తెద్దామంటే గుమ్మంలో పట్టలేదు. గుమ్మం 30 అంగుళాలు, కోట ఎటు చూసినా 34. మా ఆవిడ ఏమీ అనలేదు, టేపు తెచ్చి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

కాబట్టి ముందు చెప్పేది ఇదే: ఏ ముక్కా శాశ్వతంగా అతికించొద్దు. కప్పులు పైకి వచ్చేయాలి, బురుజులు విడిపోవాలి, మెట్లు బయటికి లాగగలగాలి. ఇదేదో నేను కనిపెట్టింది కాదు. మూకీ సినిమాల నటి కొలీన్ మూర్ 1928లో మొదలుపెట్టి 1935కి పూర్తిచేయించిన బొమ్మల కోట ఇప్పుడు చికాగో సైన్స్ మ్యూజియంలో ఉంది, దాన్ని కూడా విడదీసి ఊరూరా తిప్పేలాగే కట్టారు. పిల్లల సహాయ నిధుల కోసం అమెరికా అంతా తిరిగింది ఆ కోట. మనది హాల్లోకి వస్తే చాలు.

ఇక స్కేలు. బొమ్మల ఇళ్ళకి ఎక్కువగా వాడేది 1:12, అంటే అడుగుకి అంగుళం. చిన్న కుర్చీలు, మంచాలు లాంటి సామాను కూడా ఎక్కువగా ఆ సైజులోనే దొరుకుతుంది. కానీ కోటకి ఆ స్కేలు పెడితే 40 అడుగుల బురుజు 40 అంగుళాలవుతుంది, ఫ్లాట్లో దాన్ని ఎక్కడ పెడతారు? నేను 1:24కి దిగాను, అడుగుకి అర అంగుళం. బురుజు 20 అంగుళాలు, 10 అడుగుల గది 5 అంగుళాలు (127 మి.మీ.). ఇది పిల్లలకి ముందే చెప్పేయండి. ఎందుకంటే పదకొండున్నర అంగుళాల బార్బీ ఈ కోటలో 23 అడుగుల రాక్షసి. మా ఇంట్లో దీని మీద రెండు రోజులు అలక నడిచింది.

గోడలకి మొదట 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక) వాడాను. జులై వానలకి అప్పడంలా వంగింది. తప్పు ఎండీఎఫ్‌ది కాదు, నాదే, బయటివైపు మాత్రం రంగేసి లోపలివైపు వదిలేశాను. ఒకవైపు తేమ పీల్చి, రెండోవైపు పీల్చకపోతే ఏ పలకైనా వంగుతుంది. రెండువైపులా, అంచులకి కూడా ప్రైమర్ కొట్టండి. లేదా ఆ గొడవే లేకుండా సన్‌బోర్డ్ అనే తేలికపాటి ప్లాస్టిక్ పలక వాడండి, నేమ్ బోర్డులు చేసే షాపుల్లో 3, 5, 8 మి.మీ. మందాల్లో దొరుకుతుంది, కట్టర్‌తో తెగుతుంది, తేమకి వంగదు. అడుగు పలక ఒక్కటి మాత్రం మంచి ప్లైవుడ్, అదీ రెండు ముక్కలుగా.

బురుజుకి అట్టని గుండ్రంగా చుట్టి కుస్తీ పట్టకండి. హార్డ్‌వేర్ షాపులో 110 మి.మీ. పీవీసీ పైపు తెచ్చుకోండి, 1:24లో అది సుమారు 8 అడుగుల 8 అంగుళాల వెడల్పు బురుజు. అడ్డంగా కోయడానికి పైపు చుట్టూ తిన్నటి అంచున్న కాగితం చుట్టి, అంచులు కలిసేలా సర్ది, దాని వెంట గీత గీసి హాక్సా బ్లేడుతో కోయండి. నిలువు గీత కావాలంటే అల్యూమినియం ఎల్ యాంగిల్ ముక్కని పైపు మీద బోర్లించండి, దాని అంచు వెంట గీస్తే నిట్టనిలువుగా వస్తుంది. పీవీసీ నున్నగా ఉంటుంది కాబట్టి 80 నంబరు గరుకు కాగితంతో బాగా రుద్దాకే రంగు గానీ పుట్టీ గానీ.

చదునైన గోడ గుండ్రటి బురుజుని తాకేచోట సందు వస్తుంది, అందరూ ఇక్కడే పుట్టీ దట్టిస్తారు. అక్కర్లేదు. పైపుకే గరుకు కాగితం చుట్టి, గోడ అంచుని దాని మీద పైకీ కిందికీ రుద్దండి. పది నిమిషాల్లో అంచు ఆ పైపు ఒంపుకి సరిగ్గా తిరుగుతుంది. అతికించకుండా బిగించడానికి, పైపుకి పైనొకటి కిందొకటి బెజ్జం చేసి బోల్టు తల లోపల, మర బయటికి ఉండేలా ఎం-సీల్‌తో స్థిరం చేశాను. గోడ వెనక అంచున బెజ్జమున్న చెక్క ముక్క, బోల్టు అందులోంచి వస్తుంది, వెనక రెక్కల నట్టు. చేత్తో తిప్పితే బురుజు ఊడివస్తుంది.

కప్పు కోన్ దగ్గర చాలామంది ఊహతో కాగితం చుట్టి, సగం కట్ట వృథా చేస్తారు. లెక్క చిన్నదే. పైపు సగం వెడల్పు 55, చూరుకి ఇంకో 10, మొత్తం 65 మి.మీ. కప్పు ఎత్తు 200 అనుకుందాం. ఏటవాలు పొడవు అంటే 65 వర్గం, 200 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 210. ఆ 210 వ్యాసార్థంతో చార్టు మీద గుండ్రం గీసి, అందులో ఎంత కోణం ముక్క కోయాలంటే 360ని 65తో గుణించి 210తో భాగించండి, 111 డిగ్రీలు. అతుక్కి ఒక సెంటీమీటరు చెవి వదలండి. లోపల సన్‌బోర్డ్ బిళ్ళ ఒకటి పైపులో దిగేలా అతికిస్తే కప్పు మూతలా కూర్చుంటుంది, గాలికి పడదు, తీయాలంటే వస్తుంది.

మెలికల మెట్లు నన్ను ఏడిపించినంతగా ఇంకేదీ ఏడిపించలేదు. మొదటిసారి మెట్టుకి 30 డిగ్రీలు చొప్పున తిప్పాను, చక్కగా వచ్చింది, పైపులో దించి చూస్తే పై మెట్టు ఎదురుగా తలుపు లేదు, గోడ ఉంది! ఎందుకో తెలియడానికి ఒక టీ పట్టింది. 127 మి.మీ. ఎత్తుకి 8 మి.మీ. చొప్పున 16 మెట్లు. 16 ముప్ఫైలు 480 డిగ్రీలు, అంటే ఒక చుట్టు తిరిగి ఇంకో మూడోవంతు. పై తలుపేమో కింది తలుపుకి సరిగ్గా పైన కోసేశాను. తలుపులు ఒకదాని మీద ఒకటి రావాలంటే 16 మెట్లూ ఒక్క చుట్టులో అయిపోవాలి, మెట్టుకి 22న్నర డిగ్రీలు. కోణమానిని కూడా వద్దు, గుండ్రటి కాగితాన్ని నాలుగుసార్లు సగానికి మడిస్తే 16 భాగాలు వచ్చేస్తాయి.

మెట్టు ముక్క 8 మి.మీ. సన్‌బోర్డ్, 50 మి.మీ. పొడవు. కోణం మాత్రం 22న్నర కాదు, 30కి కోయండి, మిగిలిన ఏడున్నర డిగ్రీలు కింది మెట్టు మీద ఆని అతుక్కోవడానికి. సన్న కొస దగ్గర రూపాయి బిళ్ళంత గుండ్రం ఉంచి నడుమ బెజ్జం, అందులోంచి ఒక గుండ్రటి పుల్ల. ఒక్కో మెట్టూ పుల్లకి గుచ్చి, కాగితం మడతల మీద పెట్టి తిప్పి చూసుకుంటూ అతికిస్తూ పోవడమే. మొత్తం 100 మి.మీ. వెడల్పు స్తంభం, పైపు లోపల సుమారు 105 ఉంటుంది కాబట్టి వదులుగా దిగుతుంది, పుల్ల పట్టుకుని పైకి లాగితే వస్తుంది. చీపురు పుల్ల దూరి ఇరుక్కున్న రోజున ఈ లాగడం ఎంత అవసరమో తెలుస్తుంది.

కోటలా కాకుండా కేకు డబ్బాలా ఉందంటే కారణం గోడ మందం. నిజం కోటల గోడలు చాలాచోట్ల 8 అడుగులుంటాయి, మన స్కేల్లో అది 4 అంగుళాలు. గోడంతా అంత మందం పెట్టలేం, పెట్టక్కర్లేదు కూడా. కిటికీ, తలుపు దగ్గర మాత్రం లోపలివైపు అంగుళం లోతు పెట్టెలా అంచులు కట్టండి, బాణాల సందులైతే బయట సన్నగా, లోపల వెడల్పుగా. కంటికి గోడంతా మందంగానే కనిపిస్తుంది. రాయిలా కనిపించడానికి వాల్ పుట్టీలో కొంచెం ఫెవికాల్ కలిపి పల్చగా పూసి, సగం ఆరాక రీఫిల్ అయిపోయిన పెన్నుతో గీతలు గీయండి. గుడ్ల ట్రే ముక్కలు చింపి అతికించినా బాగుంటుంది, కాకపోతే ఓపిక కావాలి.

కోట కింద కొండ కోసం థర్మోకోల్ వాడితే దాని మీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టకండి. నా కొండ కళ్ళముందే గుంటలు పడి కరిగిపోయింది. ముందు పుట్టీ పూత, తర్వాత నీళ్ళలో కలిసే రంగు.

దీపాలకి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో తెచ్చిన చిన్న ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి 150 ఓమ్ రెసిస్టర్, పాత ఫోన్ ఛార్జర్ 5 వోల్టులు. తీగలు గోడలో పూడ్చకుండా వెనక మూల వెంట కాలువలా వదిలి, పైన అట్ట పట్టీ మూతగా పెట్టండి. తలుపులకి రంగు వేయకముందే చుట్టూ ఒక మిల్లీమీటరు సందు ఉంచుకోండి, రెండు పూతలు పడేసరికి ఆ సందు సగమవుతుంది.

ముక్కలన్నీ విడదీశాక ఏది ఎక్కడిదో తెలియదు, నాలుగు బురుజులూ ఒకేలా ఉంటాయి కానీ బెజ్జాలు ఒకేలా ఉండవు. ప్రతి ముక్క అడుగున మార్కర్‌తో తూర్పు 1, తూర్పు 2 అని రాసుకోండి. నట్లు ఒక మందుల డబ్బాలో వేసి అడుగు పలక కిందే టేపుతో అంటించేయండి. మొన్న సంక్రాంతికి బొమ్మల కొలువు పక్కన పెట్టాలని మోశాం, రెండు ట్రిప్పులు, ఇరవై నిమిషాలు. ఒక రెక్కల నట్టు మాత్రం ఇప్పటికీ దొరకలేదు, పడమర 2 రబ్బరు బ్యాండు మీద నిలబడింది.