బ్రెడ్ పొడి అద్దిన స్టఫ్డ్ చికెన్: లోపల ఉడికిందని ఎలా తెలుసుకోవాలి?

శుక్రవారం ఫ్రోజెన్ చికెన్ ప్యాకెట్ కొంటే తిరుపతిలో చాలా ఇళ్లల్లో ఆదివారం దాకా అది ఫ్రీజర్‌లోనే ఉంటుంది. శనివారం నీచు ముట్టరు కదా. ఉండనివ్వండి, మైనస్ 18 డిగ్రీల్లో గట్టిగా గడ్డకట్టి ఉంటే నష్టం లేదు.

చీజో వెన్నో కూరి, పైన బ్రెడ్ పొడి అద్దిన ఈ చికెన్‌తో చిక్కు వేరే ఉంది. ఎర్రగా వేయించేసినట్టే కనిపిస్తుంది. పొడి రాలకుండా, రంగు తేలేలా ఫ్యాక్టరీలో నూనెలో కాసేపు వేసి తీస్తారంతే. చాలా రకాల్లో లోపలి మాంసం పచ్చిదే. వేడి చేస్తే చాలనుకుని తిన్నవాళ్లు అమెరికాలో సాల్మొనెల్లాతో పదేపదే జబ్బుపడ్డారు. ఇలాంటి పచ్చి చికెన్‌లో ఆ బ్యాక్టీరియా ఒక మోతాదు దాటితే కల్తీ సరుకుగా చూస్తామని అక్కడి వ్యవసాయ శాఖ 2024లో ప్రకటించింది.

అందుకే కొనేటప్పుడే ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. ‘రెడీ టు కుక్’ అని ఉంటే పచ్చిదనే లెక్క. సీలు, తేదీ చూడండి. లోపల మంచు పేరుకుని ముక్కలు అతుక్కుపోయి ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు, వదిలేయండి. బిల్లు వేయించే ముందు చివరగా తీసుకుని, మన చిత్తూరు ఎండలో ఎక్కడా ఆగకుండా ఇంటికి తెచ్చేయండి.

వండే రోజు ఓవెన్‌ను ప్యాకెట్ మీద రాసిన వేడికి ముందే తెచ్చి, ముక్కల్ని ఎడంగా పేర్చండి. కరిగించి పెట్టమని రాసి ఉంటే తప్ప ఫ్రీజర్ నుంచి నేరుగా పెట్టేయడమే. మైక్రోవేవ్ వద్దు, వేడి సమంగా పట్టదు. మూకుడులో వేయిస్తే పైన మాడుతుంది, లోపల చల్లగానే ఉంటుంది. ఎయిర్ ఫ్రయర్ పద్ధతి ప్యాకెట్ మీద ఉంటేనే వాడండి. ఇంట్లో ఓవెన్ లేదా? దీని జోలికి పోకుండా అర కిలో బోన్‌లెస్ తెచ్చి వేపుడు చేసుకోవడం మేలు.

టైమ్ అయ్యాక అసలు పరీక్ష. ఫుడ్ థర్మామీటర్ మొనను ముక్క పక్క నుంచి గుచ్చి, సరిగ్గా నడిమధ్య కూరిన చోటికి పోనివ్వండి. 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. 68 దగ్గర ఆగిందా, మళ్లీ ఓవెన్‌లోకే. ఒక ముక్క చూసి ఊరుకోవద్దు, ప్రతి ముక్కనూ చూడాలి. ట్రేలో మూలన ఉన్నది ఒకలా, మధ్యలోది ఒకలా ఉడుకుతుంది. గుచ్చిన ప్రతిసారీ మొనను సబ్బుతో కడగండి. రంగు చూసో, కోసి చూసో ఉడికిందని తేల్చలేం.

పచ్చి ముక్క తగిలిన ప్లేటులో వండింది పెట్టొద్దు. వడ్డించే ముందు ఐదు నిమిషాలు ఆగండి, కరిగిన వెన్న పిల్లల నోరు కాల్చేస్తుంది. పక్కన చారన్నం బాగుంటుంది. సంగటితో మాత్రం కుదరదు, దానికి నాటుకోడి పులుసే.

మిగిలితే రెండు గంటల్లోపు, మండే వేసవిలోనైతే గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ తినేటప్పుడు ఆ 74 డిగ్రీలకే వేడి చేయండి.