మామియా ఆర్‌బీ67 నేర్చుకుందాం – 3వ పాఠం: బల్ల మీద పరీక్ష, మొదటి పది ఫ్రేములు

కిందటి పాఠంలో ఏ కెమెరా కొనాలో తేల్చుకున్నాం. 120 రోలు ఫిల్ము మీద 6×7 సెంటీమీటర్ల నెగెటివ్ ఇచ్చే మామియా ఆర్‌బీ67, వీలైతే 1974లో వచ్చిన ప్రొ-ఎస్. 1970 నాటి మొదటి ప్రొ కూడా గట్టిదే, కాకపోతే ఫిల్ము తిప్పడం మరిచిపోతే అది మిమ్మల్ని ఆపదు, ఒకే ఫ్రేము మీద రెండు బొమ్మలు పడతాయి. ప్రొ-ఎస్ బాడీకి ప్రొ-ఎస్ బ్యాక్ (ఫిల్ము పెట్టే వెనక డబ్బా) తగిలిస్తే, ఫిల్ము తిప్పేదాకా బటన్ నొక్కుడే పడదు. నేర్చుకునేవాళ్లకి ఆ తేడాకి కాస్త ఎక్కువ పెట్టినా దండగ కాదు.

విజయవాడ గవర్నర్‌పేటలో పాత స్టూడియోవాళ్ల బీరువాలోంచి తీసిచ్చినా, గుంటూరు బ్రాడీపేటలో దొరికినా చూడాల్సినవి ఇవే. ఒక సన్నటి ఎల్‌ఈడీ టార్చి, గడువు దాటిన ఒక 120 రోలు వెంట పెట్టుకోండి. ఈ కెమెరాకి బ్యాటరీ లేదు, కాబట్టి లోపాలు చాలావరకు కంటికీ చెవికీ దొరికిపోతాయి.

ముందు లెన్సు. షట్టర్ రింగుని ‘టి’ మీద పెట్టి తెరిచి, అపర్చరు పూర్తిగా విప్పి, వెనక నుంచి టార్చి ఏటవాలుగా వేయండి. దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది, దాంతో నష్టం లేదు. సాలెగూడు పోగుల్లా పాకినట్టుంటే ఫంగస్. కృష్ణ ఒడ్డున వానాకాలపు చెమ్మలో తోలు సంచిలో ఏళ్లు మూలుగుతూ ఉండిపోయిన లెన్సుకి పట్టేది ఇదే. అంచున ఒకటీ అరా పోగులుంటే ధర తగ్గించి అడగండి, మధ్యలో అల్లుకుని ఉంటే వదిలేయండి. తర్వాత షట్టర్. 1 సెకను మీద పెట్టి నొక్కి, ఫోనులో రికార్డు చేసి, తెరుచుకున్న శబ్దానికీ మూసుకున్న శబ్దానికీ మధ్య కాలం కొలవండి. మధ్యలో ఆగి ఆగి కదిలినా, ఒకటిన్నర సెకను పట్టినా లోపలి గ్రీజు గట్టిపడిందని అర్థం, సర్వీసు ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. పాత లెన్సుల్లో 1/400 కొంచెం నెమ్మదించడం మామూలే. నెగెటివ్ ఫిల్ము ఆ కాస్త ఎక్కువ వెలుగుని ఓర్చుకుంటుంది, అందుకే మొదటి రోలు స్లైడ్ ఫిల్ము వద్దు.

బెల్లోస్‌ని (లెన్సుకీ బాడీకీ మధ్య ముడుచుకుని సాగే తిత్తిని) పక్కన తిప్పే గుండీతో పూర్తిగా ముందుకు సాగదీయండి. లెన్సు తీసి, గదిలో దీపాలార్పి, టార్చి లోపలికి పెట్టి బయటి నుంచి మడతల మూలలు చూడండి. సూదిమొనంత వెలుగు కనిపించినా అక్కడ చిల్లు పడినట్టే.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది బ్యాక్ మీద. బాడీ, లెన్సు చూసి మురిసిపోయి బ్యాక్‌ని ఊరికే తిప్పి చూసి కొనేస్తారు, రోళ్లు పాడయ్యేది ఎక్కువగా దానివల్లే. మొదట దాని మీద 120 అని ఉందా, 220 అని ఉందా చూడండి. 220ది 20 ఫ్రేములు పట్టే పొడవాటి రోలు లెక్కకి కట్టినది, మన 120 రోలుకి అది తీసుకోకండి. డార్క్ స్లైడ్ (ఫిల్ముకి వెలుగు తగలకుండా బ్యాక్ ముందు దూర్చే రేకు) వంకర లేకుండా ఉందా? మూత తెరిచి అంచుల్లో ఉన్న నల్ల ఫోమ్‌ని వేలితో తాకండి. తారులా అంటుకుంటే దాని ఆయుష్షు అయిపోయింది. దీనికి భయపడక్కర్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ చుట్టిన పుల్లతో గీకి తీసేసి, పలచటి అంటుడు ఫోమ్‌ని సన్నగా కోసి వేసుకుంటే చాలు. ఫోమ్ మార్చకుండా తీస్తే నెగెటివ్ అంచున నల్లటి చారలు పడతాయి. బొమ్మ ఫిల్ము మీద తలకిందులుగా పడుతుంది కాబట్టి, ప్రింటులో పైన తెల్ల చార కనిపిస్తే వెలుగు దూరింది బ్యాక్ అడుగు నుంచి అని గుర్తుంచుకోండి.

లెన్సు బిగించేటప్పుడు బలం చేయకండి. బాడీ కుడిపక్కన ఉన్న పెద్ద లివరు నొక్కితే అద్దం కిందికి దిగి స్ప్రింగు బిగుస్తుంది. లెన్సు వెనక రెండు పిన్నులుంటాయి, వాటిని తిప్పి లెన్సు స్ప్రింగునీ బిగించాకే బాడీ మీద కూర్చోబెట్టాలి. ఒకటి బిగిసి ఇంకొకటి వదులుగా ఉంటే రింగు తిరగదు. తిరగట్లేదని గట్టిగా తిప్పితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

ఇక ఫిల్ము ఎక్కించడం. బ్యాక్ లోపలి చట్రం బయటికి తీయండి. ఖాళీ స్పూలు చుట్టుకునే వైపు, కొత్త రోలు రెండోవైపు. కాగితం నల్లటి ముఖం లెన్సు వైపు, అంటే బయటికి ఉండేలా ప్రెషర్ ప్లేటు (ఫిల్ముని చదునుగా ఉంచే పలక) మీదుగా లాగి, కొసని ఖాళీ స్పూలు గాడిలో దూర్చి రెండు చుట్లు బిగువుగా తిప్పండి. కాగితం మీది బాణం గుర్తు చట్రం మీది గుర్తుకి ఎదురుగా వచ్చాక ఆపి, చట్రాన్ని తిరిగి బ్యాక్‌లో పెట్టి, మూత వేసి, బ్యాక్ మీది ఫిల్ము లివరు ఆగేదాకా తిప్పితే 1 కనిపిస్తుంది. మొత్తం 10 ఫ్రేములు. రోలు అయ్యాక మిగిలే ఖాళీ స్పూలు పారేయకండి, రేపటి రోలుకి అదే కావాలి. ఈ పనంతా నీడలో చేయాలి. మన మే ఎండలో బండి డిక్కీలో ఫిల్ము ఉంచారంటే ఫాగ్ పడుతుంది, అంటే బొమ్మ మసకబారుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన రోలుని రేకు చింపకుండా రెండు గంటలు బయట ఉంచాకే తెరవండి, లేకపోతే దాని మీద తేమ పేరుకుంటుంది.

బటన్ నొక్కుడు పడకపోతే కెమెరా చెడిందనుకోకండి. డార్క్ స్లైడ్ లోపలే ఉందేమో, బటన్ చుట్టూ ఉన్న తాళం రింగు వేసి ఉందేమో, ఫిల్ము లివరు తిప్పలేదేమో చూడండి. బొమ్మ తీయగానే ఫైండర్ చీకటైపోవడం కూడా లోపం కాదు, బాడీ పక్క పెద్ద లివరు నొక్కేదాకా అద్దం పైనే ఉంటుంది.

మొదటి ఎనిమిది ఫ్రేములకి ప్రకాశం బ్యారేజి దగ్గరికి వెళ్లండి. ఐఎస్ఓ 400 ఫిల్ముకి మిట్టమధ్యాహ్నపు ఎండలో అపర్చరు ఎఫ్/16, షట్టర్ 1/400 సెకను. ఈ కెమెరా గరిష్ఠ వేగం సరిగ్గా ఆ లెక్కకే సరిపోతుంది. తెల్లటి ఇసుక, నీటి మెరుపు నిండిన చోట ఎఫ్/22. చెట్టు నీడలో మనిషి మొహానికి ఎఫ్/5.6. కెమెరా బరువు రెండున్నర కిలోల పైమాటే, మెడపట్టీ బిగువుగా వేసి పొట్టకి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. ఫైండర్లో కుడి ఎడమలు తారుమారు, కదిలే మనిషిని వెంబడించాలంటే చేతికి ఆ ఉల్టా అలవాటు కావాలి.

చివరి రెండు ఫ్రేములు ఇంటి నీడలో, స్టాండు మీద ఒక గుంటూరు మిరపకాయకి. 90 మిల్లీమీటర్ల లెన్సుతో బెల్లోస్ పూర్తిగా, అంటే 46 మిల్లీమీటర్లు సాగదీస్తే 10 సెంటీమీటర్ల కాయ ఫిల్ము మీద 5 సెంటీమీటర్లుగా పడుతుంది. కాడ దగ్గర ముడత, తొక్క మీది మెరుపు విడివిడిగా కనిపిస్తాయి. కానీ లెన్సు దూరం జరిగిన కొద్దీ ఫిల్ము మీద పడే వెలుగు పలచబడుతుంది, ఇక్కడ ఒక స్టాపుకి (అంటే వెలుగు సగమవడానికి) కొంచెం పైనే. ఎంత కలపాలో బాడీ పక్కనున్న స్కేలు చెబుతుంది. ఎఫ్/16 దగ్గర 9వ ఫ్రేము ఏమీ కలపకుండా 1/60లో, 10వది ఒక స్టాపు కలిపి 1/30లో తీసి రెంటినీ పుస్తకంలో రాసుకోండి. కడిగిన నెగెటివ్‌లో 9వది ఎంత పలచగా వచ్చిందో వెలుగుకి ఎదురుగా పట్టి చూడండి.