ఎండలో పాలరాయి బొమ్మ వెయ్యాలంటే ఆల్మా టాడెమాని చూసి నేర్చుకోండి

చిత్రకారుడు లారెన్స్ ఆల్మా టాడెమా పుట్టింది 1836లో నెదర్లాండ్స్‌లో, 1870 నుంచి కాపురం లండన్‌లో, కానీ బొమ్మల్లో మాత్రం ఎక్కువగా ఇటలీ ఎండే, పాలరాతి అరుగులు, వెనకాల సముద్రం. 1863లో హనీమూన్‌కి ఇటలీ వెళ్ళి పాంపే అనే పాత రోమన్ ఊరి శిథిలాలు చూశాక పట్టుకున్న పిచ్చి అది. మనుషుల కంటే రాయే బాగా వేశాడని నా అభిప్రాయం, అందుకే రాయి గురించే చెప్తా. మీ రంగులు ఆయిల్ అయినా అక్రిలిక్ అయినా పర్లేదు.

ముందు ఆ వైట్ ట్యూబ్ పక్కన పెట్టండి. రాయి తెల్లగా కనపడేది వైట్ వల్ల కాదండీ, పక్కనున్న నీడ వల్ల. నమ్మకపోతే ఆయన 1903లో వేసిన సిల్వర్ ఫేవరిట్స్ అనే బొమ్మ నెట్‌లో తెరిచి, అదే, ముగ్గురు ఆడవాళ్ళు, కొలనులో చేపలు ఉండేది, అందులో పాలరాతి బెంచీ మీద కలర్ పికర్ (ఏ చోట ఏ రంగుందో చూపించే టూల్) పెట్టి చూడండి, తెలుపు అనుకున్న చోటల్లా మీగడ రంగో నీలం బూడిదో వస్తుంది.

రిఫరెన్స్‌కి మార్బుల్ షాపులో ఒక విరిగిన ముక్క అడగండి, పొద్దున తొమ్మిదిన్నర పదికి డాబా మీద పెట్టండి, మధ్యాహ్నం వద్దు, నీడ కిందకి పోయి ఏమీ మిగలదు. ఫోటో తీసేటప్పుడు స్క్రీన్ మీద రాయిని టచ్ చేసి బ్రైట్‌నెస్ కిందకి లాగండి, లేకపోతే సున్నం కొట్టినట్టు వస్తుంది. ఆయన కూడా ఫోటోలు బాగా పోగేసేవాడు, డ్రాయింగులూ అవీ కలిపి ఆ సంపుటాలు బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ఉన్నాయి.

ఇప్పుడు రంగులు. ఎండ పడే వైపుకి టైటానియం వైట్‌లో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కొంచెం, అంతే. నీడకి అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు) కలిపి వైట్ దండిగా, బ్లాక్ జోలికి పోవద్దు. ఇక్కడే అందరూ తప్పేది: నీడంతా ఒకే రంగు కొట్టేస్తారు. నేల మీద పడ్డ నీడకి పైనుంచి ఆకాశం తగులుతుంది కాబట్టి నీలంగా ఉంటుంది, అరుగు అంచు కింద భాగానికి ఎండపడ్డ నేల నుంచి వెలుతురు ఎగిరి తగులుతుంది కాబట్టి అది కాస్త పసుపుగా, వెచ్చగా ఉంటుంది. పక్కన ఎర్ర చున్నీ పెట్టి చూడండి, ఆ ఎరుపు కూడా రాయిలోకి దిగుతుంది. నీడ అంచు వస్తువు దగ్గర కత్తిరించినట్టు, దూరం పోయేకొద్దీ మెత్తగా.

రాయిలో చారలకి సన్న బ్రష్, పల్చని రంగు, తడి ఆరకముందే లాగి మధ్యమధ్యలో వదిలెయ్యాలి. పలకల మధ్య జాయింట్ వచ్చినప్పుడు చారని అవతలి పలకలోకి అలాగే కొనసాగించకండి, అది వేరే ముక్క, దాని చారలు దానివి, ఇదొక్కటి పాటిస్తే చాలు నిజం రాయిలా వస్తుంది.

పూలు ఊహించి వెయ్యొద్దు. రోజెస్ ఆఫ్ హీలియోగబాలస్ అని 1888 నాటి బొమ్మ కోసం ఆయన చలికాలంలో ఫ్రాన్స్ రివియేరా నుంచి గులాబీలు తెప్పించుకున్నాడు, మనకి వీధి చివర బండి మీదే దొరుకుతాయి కదా.

ప్యూర్ వైట్ అన్నిటికంటే చివర్లో, పాలిష్ రాయి అంచు తళుక్కుమనే రెండు మూడు చోట్ల మాత్రం. నాలుగో చుక్క పెట్టాలనిపిస్తే బ్రష్ కడిగేసుకోండి.